పాత జీపుకు బ్రేకుల బాగుసేత – పాల రూటు నడిపే సంఘాలకు ఒక పాఠం

పాల సంఘానికి వాహనమంటే సేకరణ కేంద్రం నుండి శీతలీకరణ కేంద్రానికి క్యాన్లను చేర్చే సాధనం మాత్రమే కాదు. 40 లీటర్ల క్యాన్లు పది ఎక్కిన జీపులో 400 లీటర్ల పాలుంటాయి. ఇంటికి 5 లీటర్ల చొప్పున లెక్క వేసినా అది 80 ఇళ్ల పూట సంపాదన. బండిలో డ్రైవరు, క్యాన్లు దించే మనిషి ఉంటారు. దారిలో బడికి పోయే పిల్లలు, మేతకు పోయే పశువులు ఉంటాయి. వీరందరి క్షేమం డ్రైవరు కుడికాలి కింద ఉన్న ఒక చిన్న పెడలు మీద ఆధారపడి ఉంది. కనుక ఈసారి పాఠానికి బ్రేకుల విషయం తీసుకుంటున్నాము.

మన ప్రాంతంలో ఈ విషయం ఎందుకు?

ఖమ్మం నుండి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం పోయే పెద్ద రోడ్డు సంగతి వేరు. ఆ రోడ్డు దిగి గూడేలకు పోయే దారులలో మట్టి బాట, వాగు మీద చప్టా, ఇసుక, రాళ్లు, మిట్టపల్లాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. గోదావరి అవతల చింతూరు దాటి మారేడుమిల్లి వైపు పోతే ఘాటు రోడ్డే ఎదురవుతుంది. పాలసేకరణ చాలాచోట్ల ట్రాలీ ఆటోలకు, చిన్న ట్రక్కులకు మారినా, నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే పాత జీపు అవసరం ఇటువంటి దారులలో పూర్తిగా తీరలేదు.

మహీంద్రా సంస్థ 1947లో విల్లీస్ జీపులను మన దేశంలో బిగించడం మొదలుపెట్టింది. ఆ వంశంలో వచ్చిన బండ్లు ఇంజను మార్చుకుని, బాడీకి అతుకులు వేయించుకుని దశాబ్దాలు తిరుగుతాయి. ఇక్కడే చిక్కు ఉంది. పాత పెట్రోలు ఇంజను తీసి డీజిలు ఇంజను పెట్టిస్తారు. వెనుక బాడీ పొడిగిస్తారు, కట్లు గట్టివి వేయిస్తారు. వేగం పెరుగుతుంది, బరువు పెరుగుతుంది. బ్రేకులు మాత్రం తొలినాటివే మిగిలిపోతాయి. పరుగు కొత్తది, పగ్గం పాతది అన్నట్లుంటుంది.

వేగానికి, బరువుకు లెక్క

కదిలే బండిలో ఉండే శక్తి బరువును బట్టి పెరుగుతుంది, వేగానికి మాత్రం వర్గంలో పెరుగుతుంది. అంటే బరువు రెట్టింపైతే శక్తి రెట్టింపు. వేగం రెట్టింపైతే శక్తి నాలుగు రెట్లు. ఆ శక్తినంతా బ్రేకు షూలు డ్రమ్ముకు రాసుకుని వేడిగా మార్చితేనే బండి ఆగుతుంది.

ఒక లెక్క చూడండి. డ్రైవరు ప్రమాదాన్ని గుర్తించి పెడలు మీద కాలు వేయడానికి 1 సెకను పడుతుందనుకుందాము. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో ఆ సెకనులోనే బండి 8 మీటర్లు పోతుంది. తారు రోడ్డు మీద బ్రేకులు ఓ మోస్తరుగా పట్టినా మరొక 7 మీటర్లు పోయి ఆగుతుంది. మొత్తం 15 మీటర్లు. అదే 60 కిలోమీటర్ల వేగంలో మొదటి సెకనులో 17 మీటర్లు, బ్రేకు పట్టిన తరువాత 28 మీటర్లు, మొత్తం 45 మీటర్లు. వేగం రెండింతలైతే ఆగే దూరం మూడింతలైంది. కంకర మీద చక్రానికి పట్టు తగ్గుతుంది కనుక 60 కిలోమీటర్ల వేగంలో బ్రేకు పట్టిన తరువాతి దూరమే 47 మీటర్ల దాకా పెరగవచ్చు.

ఇక బరువు. జీపు సుమారు 1200 కిలోలు అనుకుంటే, నిండు క్యాను ఒకటి క్యానుతో సహా సుమారు 50 కిలోలు. పది క్యాన్లు, ఇద్దరు మనుషులు కలిస్తే బండి బరువులో దాదాపు సగం అదనంగా చేరుతుంది. ఖాళీ బండిని గ్యారేజీ ముందు నడిపి ‘బ్రేకు బాగానే ఉంది’ అనుకోవడం చాలదని దీనిని బట్టి తెలుసుకోవలెను. సగం నిండిన క్యాన్లలో పాలు ముందుకు వెనుకకు ఊగి బండిని మరింత నెడతాయి. క్యాన్లు జరగకుండా అడ్డుకమ్మి వేసి తాడుతో బిగించడం కూడా బ్రేకుల జాగ్రత్తలో భాగమే.

బ్రేకు పనిచేసే విధానం

పాత జీపులలో నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. పెడలు తొక్కితే మాస్టర్ సిలిండరులోని పిస్టను బ్రేకు ఆయిలును నెడుతుంది. మూసి ఉన్న ద్రవం మీద కలిగించిన ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా వ్యాపిస్తుందని 17వ శతాబ్దంలో పాస్కల్ చెప్పిన సూత్రమే దీనికి ఆధారము. ఆ ఒత్తిడి గొట్టాల ద్వారా వీల్ సిలిండర్లకు చేరి, షూలను డ్రమ్ముకు అదుముతుంది.

ఉదాహరణకు కాలితో 30 కిలోల బలం వేశామనుకోండి. పెడలు మీట వలన అది ఆరు రెట్లయి 180 కిలోలవుతుంది. మాస్టర్ సిలిండరు లోపలి వ్యాసం 1 అంగుళమైతే చదరపు సెంటీమీటరుకు సుమారు 35 కిలోల ఒత్తిడి పుడుతుంది. సిలిండరు పెద్దదైతే బ్రేకు గట్టిగా పడుతుందని కొందరు అనుకుంటారు. అది పొరపాటు. అదే బలానికి 1⅛ అంగుళాల సిలిండరులో ఒత్తిడి 28 కిలోలకు తగ్గుతుంది. పెడలు పైననే ఆగినట్లుంటుంది కాని బండి ఆగడానికి ఎక్కువ బలం వేయవలసి వస్తుంది. కనుక సిలిండరు మార్చేటప్పుడు వ్యాసం చూసి తీసుకొనవలెను.

జబ్బును లక్షణాన్ని బట్టి గుర్తించుట

1. పెడలు స్పంజిలాగ మెత్తగా ఉండి, రెండు మూడు సార్లు తొక్కితే పైకి వస్తే గొట్టాలలో గాలి చేరిందని అర్థము.

2. తొక్కి పట్టుకుంటే పెడలు మెల్లగా కిందికి దిగిపోతే ఆయిలు ఎక్కడో కారుతున్నది, లేదా మాస్టర్ సిలిండరు లోపలి రబ్బరు కప్పు అరిగింది.

3. బ్రేకు వేసినప్పుడు బండి ఒకవైపుకు లాగితే ఒక చక్రానికి షూ సర్దుబాటు తప్పి ఉండవచ్చు, వీల్ సిలిండరు పట్టేసి ఉండవచ్చు, లేదా లైనింగుకు నూనె అంటి ఉండవచ్చు.

4. కాలు తీసినా ఒక చక్రం వేడెక్కుతూ ఉంటే అక్కడి రబ్బరు హోసు లోపల ఉబ్బి ఆయిలును వెనుకకు రానీయడం లేదేమో చూడవలెను. నాలుగు చక్రాలూ వేడెక్కితే పెడలుకు వదులు లేదేమో చూడవలెను. పెడలు మొదట సుమారు 1 సెంటీమీటరు ఊరికే దిగి, తరువాతనే పిస్టనును తాకవలెను. ఆ వదులు లేకపోతే ఆయిలు తొట్టికి తిరిగి పోయే సన్నని రంధ్రం మూసుకుని బ్రేకులు పట్టే ఉంటాయి.

5. పెడలు తిరిగి తిరిగి కాలును తన్నుతుంటే డ్రమ్ము గుండ్రదనం తప్పిందన్నమాట.

మొదటి మెట్టు: ఉన్న బ్రేకులను సరిగా చేయుట

కొత్త సామాను కొనడానికి ముందు ఉన్న బ్రేకులను తొలి స్థితికి తేవలెను. చాలా బండ్లకు ఇదే చాలును.

డ్రమ్ములు విప్పేటప్పుడు ఒక్కొక్క చక్రం చొప్పున విప్పవలెను. ఇటువైపు విప్పినప్పుడు అటువైపు చక్రం నమూనాగా ఉంటుంది. ఏ షూ ముందుదో ఏది వెనుకదో, ఏ స్ప్రింగు ఎక్కడిదో సుద్దతో గుర్తు పెట్టుకొనవలెను. డ్రమ్ములోని దుమ్మును నోటితో గాని, గాలి పంపుతో గాని ఊదరాదు. పాత లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండేది. ఆ పొడి ఊపిరితిత్తులకు తీరని హాని చేస్తుంది. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవరులో కట్టి పారవేయవలెను.

లైనింగుకు నూనె అంటి ఉంటే పెట్రోలుతో కడిగి మళ్లీ బిగించే అలవాటు కొన్ని గ్యారేజీలలో ఉన్నది. నూనె లోపలికి ఇంకి ఉంటుంది, వేడెక్కగానే పైకి వస్తుంది. అటువంటి లైనింగు మార్చవలసిందే. దానితోపాటు నూనె ఎక్కడి నుండి వచ్చిందో కనుక్కొనవలెను. వెనుక యాక్సిలు ఆయిలు సీలు, ముందు స్టీరింగు గుండుల దగ్గరి సీళ్లు పాత జీపులలో తరచు కారుతాయి. సీలు వేయకుండా లైనింగు మార్చితే ఆ డబ్బు వాగులో పోసినట్లే. ఒక చక్రానికి లైనింగు మార్చితే అదే యాక్సిలు మీది రెండవ చక్రానికీ మార్చవలెను. లేనిచో బండి ఒకవైపుకు లాగుతుంది.

డ్రమ్మును లేతు మీద తిప్పించేటప్పుడు సాధారణంగా తొలి వ్యాసము కంటె 1.5 మిల్లీమీటర్లకు మించి పెరగరాదు. అంతకు మించితే డ్రమ్ము పలుచబడి వేడికి సాగుతుంది, పగలవచ్చు కూడా. లోపలి వైపు పగుళ్లు కనిపిస్తే ఎంత మందమున్నా పనికిరాదు.

ఇనుప గొట్టాలు తుప్పు పట్టి ఉంటే మార్చవలెను. వాటి బదులు మెత్తటి రాగి గొట్టం వంచి వేయరాదు. బ్రేకుకు తగిన ఉక్కు గొట్టానికి చివర రెండు మడతలు తీసి బిగించవలెను. రబ్బరు హోసులు పైకి బాగున్నా చాలా ఏళ్లు గడిచినవైతే ఒకేసారి మార్చివేయడం మంచిది.

బ్రేకు ఆయిలు

డాట్ 3, డాట్ 4 రకాల ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 ఆయిలు కనీసం 205 డిగ్రీల సెంటీగ్రేడు దాకా మరగరాదని ప్రమాణం. తేమ చేరిన పిమ్మట ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 4కు ఈ అంకెలు 230, 155. పొడవైన దిగుడులో బ్రేకులు కాగి ఆయిలు మరిగితే గొట్టంలో ఆవిరి పుడుతుంది. ఆవిరి అణిగిపోతుంది కనుక పెడలు నేలకు తాకినా బండి ఆగదు. వానలు, వాగులు ఉన్న మన ప్రాంతంలో రెండేళ్లకొకసారి ఆయిలు పూర్తిగా మార్చవలెను. మూత తీసి ఉంచిన పాత డబ్బాలోని ఆయిలు వాడరాదు.

ఆయిలు తగ్గిందని దారిలో ఇంజను ఆయిలు పోయడం, సిలిండర్లను కిరోసిను లేక డీజిలుతో కడగడం మహా ప్రమాదము. వాటివలన రబ్బరు కప్పులు ఉబ్బి పాడవుతాయి. సిలిండరు భాగాలను బ్రేకు ఆయిలుతోనే కడగవలెను. జీపులో ఎల్లప్పుడు సీలు తీయని చిన్న డబ్బా ఒకటి ఉంచుకొనవలెను.

గాలి తీయునప్పుడు మాస్టర్ సిలిండరుకు దూరపు చక్రంతో మొదలుపెట్టవలెను. కుడివైపు స్టీరింగు గల జీపులో వెనుక ఎడమ, వెనుక కుడి, ముందు ఎడమ, ముందు కుడి – ఇది వరుస. ఒకరు పెడలు తొక్కిపట్టగా మరొకరు నిపుల్ వదులు చేసి, పెడలు లేవక ముందే బిగించవలెను. తొట్టిలో ఆయిలు అడుగంటకుండ మధ్య మధ్య పోయుచుండవలెను.

రెండవ మెట్టు: జంట మాస్టర్ సిలిండరు

తొలినాటి జీపులలో మాస్టర్ సిలిండరు ఒకే గది గలది. నాలుగు చక్రాలలో ఎక్కడ ఒక హోసు పగిలినా ఆయిలంతా అక్కడి నుండే పోయి నాలుగు బ్రేకులూ ఒక్కసారిగా పోతాయి. అడవి బాటలో ఎండుకొమ్మ తగిలి హోసు తెగడం పెద్ద వింత కాదు.

జంట సిలిండరులో రెండు గదులుంటాయి. ఒకటి ముందు చక్రాలకు, మరొకటి వెనుక చక్రాలకు. ఒక దారి తెగితే పెడలు కొంత కిందికి పోతుంది, ఆగే దూరం పెరుగుతుంది. అయినా బండి ఆగుతుంది. సంఘం వద్ద డబ్బు కొద్దిగానే ఉండి ఒకే ఒక మార్పు చేయగలిగితే ఈ మార్పునే చేయించమని మా సలహా. పాత దానికి సరిపడు వ్యాసము గల సిలిండరు తీసుకొని, తోపుడు కడ్డీ పొడవు సరిచూసి, ముందు వెనుక గొట్టాలను విడదీయించవలెను.

మూడవ మెట్టు: పెద్ద డ్రమ్ములు, డిస్కులు

పాత నమూనా జీపులకు 9 అంగుళాల డ్రమ్ములు, 1¾ అంగుళాల వెడల్పు లైనింగులు ఉంటాయి. తరువాతి నమూనాలలో 11 అంగుళాల డ్రమ్ములు, 2 అంగుళాల లైనింగులు వచ్చాయి. అదే బలానికి 11 అంగుళాల డ్రమ్ము చక్రాన్ని సుమారు 22 శాతం ఎక్కువ బలంగా పడుతుంది. రాసుకునే వైశాల్యం దాదాపు 40 శాతం ఎక్కువ కనుక వేడిని కూడ బాగా తట్టుకుంటుంది. వెనుక పలక, డ్రమ్ము, షూలు, సిలిండర్లు ఒకే నమూనా బండివి అన్నీ కలిపి మార్చవలెను. ఇది అదిగా, అది ఇదిగా అతికించరాదు.

ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు పెట్టించడం ఇంకొక పద్ధతి. డిస్కు బయటి గాలికి ఉంటుంది కనుక త్వరగా చల్లబడుతుంది, వాగు దాటిన తరువాత త్వరగా ఆరుతుంది. కాని నాలుగు సంగతులు చూడవలెను. ఒకటి, డ్రమ్ముల కోసం చేసిన మాస్టర్ సిలిండరులో గొట్టంలో కొద్ది ఒత్తిడి నిలిపే కవాటం ఉంటుంది. దానిని అట్లే ఉంచితే డిస్కులు ఎప్పుడూ రాసుకుంటూ వేడెక్కుతాయి. రెండు, డిస్కులకు కాలి బలం ఎక్కువ కావాలి కనుక వాక్యూమ్ బూస్టరు అవసరమవుతుంది. పెట్రోలు ఇంజనులో వలె డీజిలు ఇంజనులో వాక్యూమ్ దానంతట పుట్టదు, వేరే పంపు ఉండవలెను. మూడు, డిస్కు మీది పట్టు చక్రపు రిమ్ముకు తగలరాదు. నాలుగు, ముందు వెనుకల సమతూకము. వెనుక చక్రాలు ముందుగా బిగుసుకుంటే తడి రోడ్డుపై బండి గిర్రున తిరుగుతుంది.

ఇటువంటి పెద్ద మార్పులు అనుభవజ్ఞుడైన మెకానిక్కు చేత మాత్రమే చేయించవలెను. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను వాహనంలో మార్పులకు హద్దులు పెట్టింది. పని మొదలుపెట్టక ముందే రవాణా శాఖ కార్యాలయంలోను, బీమా సంస్థలోను అడిగి లిఖితపూర్వకంగా తెలుసుకొనవలెను.

హ్యాండు బ్రేకు విషయంలో హెచ్చరిక

చాలా పాత జీపులలో హ్యాండు బ్రేకు చక్రాలకు పట్టదు, గేరుపెట్టె వెనుక ఉన్న చిన్న డ్రమ్ముకు పట్టి వెనుక షాఫ్టును ఆపుతుంది. కనుక షాఫ్టు విప్పితే హ్యాండు బ్రేకు లేనట్లే. అంతకంటె ముఖ్యం, వెనుక చక్రం ఒకటి జాకీ మీద లేపితే హ్యాండు బ్రేకు వేసి ఉన్నా లేచిన చక్రం వెనుకకు తిరిగి, నేల మీది చక్రం ముందుకు దొర్లగలదు. జాకీ పెట్టక ముందు నేల మీది చక్రాలకు ముందూ వెనుకా రాళ్లు పెట్టవలెను. జాకీ నమ్ముకుని బండి కిందికి దూరరాదు.

డ్రైవరు చేయవలసినవి

ఏ గేరులో ఎత్తు ఎక్కగలమో ఆ గేరులోనే దిగవలెను. డీజిలు కలిసి వస్తుందని న్యూట్రలులో వదలడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. రాళ్ల దిగుడులో లో గేరు వేస్తే ఇంజనే బండిని పట్టుకుంటుంది. వాగు దాటిన తరువాత పెడలును మెల్లగా తొక్కుతూ కొంత దూరం నెమ్మదిగా నడిపి డ్రమ్ములను ఆరబెట్టవలెను. బురదలో తిరిగిన రోజు డ్రమ్ముల చుట్టూ నీటితో కడగవలెను.

భద్రాచలం వద్ద గోదావరి 1986లో 75.6 అడుగులకు, 2022లో 71.3 అడుగులకు వచ్చింది. అటువంటి రోజులలో ఉపవాగులు కూడ వెనుకకు తన్నుతాయి. చప్టా మీద నీరు పారుతుంటే ఎంత మంచి బ్రేకులున్నా బండి దింపరాదు. రెండడుగుల లోతు పారే నీరు చాలా వాహనాలను కొట్టుకొనిపోగలదు. ఒక పూట పాలు పోతే మరుపూట పిండుకొనవచ్చు.

కొత్త లైనింగులు వేసిన తరువాత ఖాళీ మైదానంలో 20 కిలోమీటర్ల వేగంతో మొదట పరీక్షించి, తరువాత 40 నుండి వేగం తగ్గించుచు, మధ్య మధ్య చల్లారనిచ్చి, పది పదిహేను సార్లు బ్రేకు వేయవలెను. అప్పుడే లైనింగు డ్రమ్ముకు పూర్తిగా అమరుతుంది. ఆ తరువాతనే క్యాన్లు ఎక్కించవలెను.

పాలకవర్గం చేయవలసినవి

మేము తనిఖీలలో చూసే రిజిస్టర్లలో డీజిలు ఖర్చు రోజువారీగా ఉంటుంది. బ్రేకు ఆయిలు ఎప్పుడు మార్చారో మాత్రం తరచు ఉండదు. సంఘం 1964 చట్టం కింద నమోదైనదైనా, 1995 చట్టం కింద నమోదైనదైనా సభ్యుల డబ్బుకు, సభ్యుల ప్రాణానికి జవాబుదారీ పాలకవర్గానిదే. కనుక:

– వానాకాలానికి ముందు, మే నెలలో, బ్రేకుల తనిఖీకి తీర్మానం చేయవలెను.
– రెండు గ్యారేజీల నుండి అంచనాలు తీసుకొని, పాత సామాను తిరిగి తెప్పించి సభ్యులకు చూపవలెను.
– లాగుబుక్కులో బ్రేకు పని జరిగిన తేదీ, కిలోమీటర్లు, మార్చిన భాగాలు రాయించవలెను.
– అద్దె జీపైనా ఒప్పందంలో బ్రేకుల షరతు చేర్చవలెను.
– క్యాన్ల మీద మనుషులను ఎక్కించరాదని బోర్డు పెట్టి, అమలు చేయవలెను.
– ‘బ్రేకు సరిగా లేదు’ అని డ్రైవరు చెప్పిన రోజు బండి కదలరాదు. అలా చెప్పినందుకు అతని కూలి కోయరాదు. ఈ ఒక్క నియమం లేకపోతే మిగిలిన నియమాలన్నీ కాగితం మీదనే ఉండిపోతాయి. పాలు విరుగుతాయన్న భయం, కూలి పోతుందన్న భయం కలిసినప్పుడే చెడిన బ్రేకుతో బండి రోడ్డెక్కుతుంది.

సమావేశంలో చర్చించుటకు ప్రశ్నలు

1. మన రూటు బండికి మాస్టర్ సిలిండరు ఒక గదిదా, రెండు గదులదా?
2. బ్రేకు ఆయిలు చివరిసారి ఏ తేదీన మార్చారు? రుజువు ఎక్కడ ఉన్నది?
3. నిండు క్యాన్లతో మన బండి 30 కిలోమీటర్ల వేగంలో ఎన్ని మీటర్లలో ఆగుతున్నది? ఖాళీ చోట, క్యాన్లలో నీళ్లు నింపి, అడుగులు కొలిచి చూచితిమా?
4. మన దారిలో ప్రమాదకరమైన దిగుళ్లు, చప్టాలు ఏవి? ఏ గేరులో దిగవలెనో డ్రైవరుతో కూర్చొని నిర్ణయించితిమా?
5. బండి ఆగిన రోజున పాలు చేరవేయుటకు పక్క సంఘంతో ముందస్తు ఏర్పాటు ఉన్నదా?

ఐదవ ప్రశ్నకు జవాబు ‘ఉన్నది’ అని చెప్పగలిగిన సంఘమే, బ్రేకు బాగులేని రోజున బండిని ధైర్యంగా ఆపగలదు. కాబట్టి ఆ ఏర్పాటుతోనే పని మొదలుపెట్టవలసిందిగా సభ్య సంఘాలను కోరుచున్నాము.